మందు కొట్టినకొద్దీ పెరిగే దోమపోటు

గోదావరి డెల్టాలో సార్వా చేలు పొట్ట మీదికి వచ్చే అక్టోబరు నెలలో రైతుకు రెండు భయాలు. ఒకటి తుపాను, రెండోది దోమపోటు. తుపాను కబురు ముందే తెలుస్తుంది. దోమ సంగతి మాత్రం చేను నడుమ బండి చక్రమంత మేర ఎండిపోయేదాకా చాలామందికి తెలియదు. గట్టు మీద నిలబడి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. వారం పోయాక చూస్తే ఆ చక్రం కళ్లమంత అయి ఉంటుంది. దీన్నే సుడిదోమ అని కూడా అంటారు.

కౌలు రైతుకు ఈ దెబ్బ మరీ గట్టిది. చేను పండినా ఎండినా ఆసామికి ఒప్పుకున్న బస్తాలు కొలవవలసిందే. అందుకే ఒక సుడి కనిపించగానే పరుగున వెళ్లి, కొట్లో ఏది ఇస్తే అది తెచ్చి కొడతాడు. వారం తిరక్కుండా మళ్లీ కొడతాడు. చిత్రమేమిటంటే కొన్ని మందులు కొట్టినకొద్దీ దోమ తగ్గకపోగా పెరుగుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. గోధుమ రంగులో ఉండే ఈ దోమ ఆకుల మీద ఉండదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. గుడ్లను ఆకు తొడిమ లోపల దూర్చి పెడుతుంది. పైన కొట్టిన మందు ఆ గుడ్లకు తగలదు. చేలో తిరిగే సాలె పురుగులకు, అక్షింతల పురుగులకు, దోమ గుడ్లను పీల్చి చంపే పచ్చ రంగు మిరిడ్ నల్లికి మాత్రం బాగా తగులుతుంది. కాపలావాళ్లు పోయిన చేలో గుడ్లు పగిలి పిల్లదోమలు వస్తాయి. ఇక వాటికి అడ్డేముంది? సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులతో ఈ ముప్పు మరీ ఎక్కువ. చౌకగా దొరుకుతున్నాయని ఆకుముడతకు కొట్టే ఈ మందులే తరవాత దోమను నెత్తికి తెస్తాయి. వరిలో వీటి జోలికి పోకపోవడమే మంచిది.

మందు కొట్టాలా, అక్కర్లేదా అన్నది చేలో దిగితేగాని తేలదు. నడుమకు వెళ్లి దుబ్బును పక్కకు వంచి చేత్తో తడితే దోమలు నీటిలో పడి తేలతాయి. నాలుగైదు చోట్ల ఇలా లెక్క చూడాలి. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తరవాత 20 నుంచి 25 ఉంటేనే మందు అవసరం. సాలె పురుగులు, మిరిడ్ నల్లులు కూడా బాగా కనిపిస్తే రెండు రోజులు ఆగి మళ్లీ చూడవచ్చు.

అవసరమైతే లీటరు నీటికి బుప్రోఫెజిన్ 1.6 మిల్లీలీటర్లు గాని, పైమెట్రోజిన్ 0.6 గ్రాములు గాని కలిపి కొట్టాలి. ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టాలి. బుప్రోఫెజిన్ పిల్లదోమల మీద పనిచేస్తుంది, అదీ నిదానంగా. సాయంత్రానికే చావలేదని మర్నాడు మరొకటి కొట్టడం డబ్బు దండగ. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం అంతకంటె దండగ. ముఖ్యమైన సంగతి, మందు దుబ్బు మొదళ్లు తడిసేలా పడాలి. గట్టు మీద నుంచి పైపైన చల్లితే ఆకులు తడుస్తాయి, దోమ కింద హాయిగా ఉంటుంది.

మొదళ్లు తడవాలంటే మనిషి చేలోకి దిగే దారి ఉండాలి. అందుకే నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా తీయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నేల పోతుందని రైతులు ఒప్పుకోరు. కాని ఆ బాటల్లో గాలీ వెలుతురూ ఆడితే దోమకు గిట్టదు.

యూరియా సంగతి ఒకటుంది. 1982లో విడుదలైన స్వర్ణ, అంటే 7029, తక్కువ ఎరువుతో పండుతుందని పేరు తెచ్చుకున్న రకం. దోమను మాత్రం తట్టుకోలేదు. అలాంటి చేనుకు నలుపెక్కాలని మరో బస్తా యూరియా వేస్తే దోమకు విందు పెట్టినట్టే. దోమ ఏటా వచ్చే చోట మార్టేరు రకాలైన విజేత, 1010, ఇంద్ర వంటివి వేసుకుంటే కొంత తట్టుకుంటాయి.

దోమ కనిపించగానే పైసా ఖర్చు లేకుండా చేయగల పని నీరు తీసేయడం. నాలుగైదు రోజులు చేను ఆరగట్టి మళ్లీ పెట్టుకోవాలి. డెల్టాలో ఇదే కష్టం. పై చేను నీరు కింది చేలోకి దిగాలి, కింది చేను నీరు బోదెలోకి పోవాలి. ఆ బోదె గుర్రపుడెక్కతో పూడుకుపోయి ఉంటే ఒక్క రైతు గట్టు కొట్టి లాభం లేదు. అక్టోబరు రాకముందే ఆయకట్టు రైతులంతా ఓ పూట కలిసి డెక్క లాగించుకోవాలి.