కిటికీ పక్కన నారు ఎందుకు సాగిపోతుంది?

వానలు మొదలవగానే మిద్దెతోటల వాళ్లు టమాటా, మిరప, వంగ నారు పోసుకుంటారు. జడివానకు మొలకలు కొట్టుకుపోకుండా, కోతులు పీకేయకుండా చాలామంది ట్రేలను ఇంట్లో కిటికీ పక్కన పెడతారు. విత్తనాలు చక్కగా మొలుస్తాయి. తీరా చూస్తే కొద్ది రోజులకే మొలకలు దారాల్లా సన్నగా సాగి, కిటికీ వైపు ఒరిగిపోతాయి. బలం లేదనుకుని ఎరువు వేస్తాం, దాహమేమోనని నీళ్లు పోస్తాం. అసలు లోటు వెలుగుది.

ఈ విషయంలో మన కన్నును నమ్మలేం. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. అదే సమయానికి గది లోపల కొన్ని వందల లక్స్ మించకపోవచ్చు. కన్ను సర్దుకుంటుంది కాబట్టి గది మనకు వెలుతురుగానే కనిపిస్తుంది. మొక్కకు ఆ వెసులుబాటు లేదు. అందిన కాంతితోనే ఆహారం వండుకోవాలి.

మట్టిలో మొలకెత్తిన విత్తనం ముందు చీకట్లోంచి బయటపడాలి. అందుకే వెలుగు తగిలేదాకా ఉన్న శక్తినంతా కాండం సాగడానికే ఖర్చు పెడుతుంది. వెలుగు తగలగానే ఫైటోక్రోమ్ వంటి ప్రోటీన్లు దాన్ని పసిగట్టి, సాగుడు తగ్గించి, ఆకులు విచ్చుకునేలా చేస్తాయి. గదిలోని మసక వెలుతురులో ఆ సాగుడు సరిగా ఆగదు.

ఒరగడానికి కారణం వేరు. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొనలకు చిన్న టోపీలు తొడిగి చూశారు. కొన కప్పితే మొలక వెలుగు వైపు వంగలేదు. వెలుగును గుర్తించేది కొన అయితే, వంగేది దాని కింది భాగమని 1880లో ప్రకటించారు. కొన నుంచి కిందికి దిగే ఆ సందేశం ఆక్సిన్ అనే హార్మోన్ అని తర్వాత తేలింది. వెలుగు ఒకవైపు నుంచే వస్తే ఆక్సిన్ నీడ పక్కన ఎక్కువగా చేరుతుంది. అటు కణాలు ఎక్కువ సాగడంతో మొలక వెలుగు వైపు తిరుగుతుంది.

కాబట్టి వెలుగు పైనుంచి పడాలి, చాలినంత పడాలి. మామూలు తెల్లని ఎల్ఈడీ ట్యూబులైట్లు సరిపోతాయి. మొలకలకు జానెడు ఎత్తులోపే వేలాడదీసి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. లైటు దూరమైన కొద్దీ వెలుగు త్వరగా తగ్గిపోతుంది కనుక మొలకలు పెరిగేకొద్దీ దాన్ని పైకి జరుపుతూ ఉండాలి. రాత్రి మాత్రం ఆర్పేయాలి. 24 గంటలూ వెలుగులోనే ఉంచితే టమాటా ఆకులు పసుపుబారతాయి.

గాలి సోకినా నారు గట్టిపడుతుంది. రోజూ అరచేత్తో మొలకల తలలను మెల్లగా నిమిరితే కాండం పొట్టిగా, లావుగా పెరుగుతుంది. ఫ్యాను గాలి తగిలినా అంతే.

ఇక నీళ్లు. నిన్న నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర నల్లబడి పడిపోతే అది నారుకుళ్ళు తెగులు. దీనికి కారణమయ్యే వాటిలో ముఖ్యమైనది పిథియం అనే సూక్ష్మజీవి. దాని బీజాలు తోకలతో నీటిలో ఈదగలవు. తడి ఆరని మట్టి వాటికి రాజమార్గం. అడుగున చిల్లులున్న ట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపండి. విత్తనాలకు ఈ తెగులును అడ్డుకునే ట్రైకోడెర్మా పొడి కాస్త పట్టించండి. పైపొర ఆరాకే, ట్రేను నీళ్ల పళ్లెంలో ఉంచి కిందినుంచి పీల్చుకోనివ్వండి. అరగంటకు మిగిలిన నీళ్లు పారబోయండి. బీజదళాల తర్వాత అసలు ఆకులు వచ్చేదాకా ఎరువు జోలికి పోనక్కర్లేదు. అప్పటిదాకా విత్తనంలోని నిల్వే మొలకను పోషిస్తుంది.

టమాటా నారు 25–30 రోజులకు, వంగ 30–35 రోజులకు, మిరప దాదాపు 40 రోజులకు నాటుకు వస్తాయి. నాటడానికి వారం ముందునుంచి రోజుకు కొంచెం చొప్పున ఎండ అలవాటు చేయాలి. లేకపోతే లేత ఆకులు మాడి తెల్లబడతాయి. బెండ, చిక్కుడు, బీర, సొరలకు ఈ శ్రమ అవసరం లేదు. వాటిని నేరుగా కుండీలో విత్తుకోవచ్చు.

నర్సరీలో నారు కొనేవాళ్లూ ఇదే చూసుకోవాలి. ఎత్తుగా ఎదిగిందని ముచ్చటపడకండి. పొట్టిగా, కాండం లావుగా, ఆకులు ముదురాకుపచ్చగా ఉన్నదే మంచి నారు.