తుపాకీకి తాళం.. మాజీ సైనికుడి ప్రాణానికి కాపలా

ఎన్నికల నోటిఫికేషన్ రాగానే మన దగ్గర ఒక పని జరుగుతుంది. లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లలో చాలామంది వాటిని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని వస్తారు. ఎన్నికలు అయిపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకుంటారు. అంతమాత్రాన వాళ్లంతా నేరస్తులని కాదు. ఊర్లో వాతావరణం వేడిగా ఉన్న ఆ కొన్ని వారాలు ఆయుధం చేతికి అందకుండా ఉంటే అందరికీ మంచిదని, అంతే.

అమెరికాలో మాజీ సైనికుల ప్రాణాలు కాపాడటానికి ఇప్పుడు చెబుతున్న మాట కూడా దాదాపు ఇదే. మనసు వేడిగా ఉన్న కొన్ని గంటలు, కొన్ని రోజులు, కొన్ని వారాలు తుపాకీని దూరంగా పెట్టండి. ఆ గడ్డు కాలం దాటాక తిరిగి తెచ్చుకోండి.

చికాగో, డల్లాస్, హ్యూస్టన్‌లలో మనవాళ్ల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగి సైన్యంలో చేరిన పిల్లలూ ఉన్నారు. 2009 నుంచి 2016 వరకు నడిచిన ఒక ప్రత్యేక పథకం కింద ఉర్దూ సహా కొన్ని భాషలు తెలిసిన వలసదారులను కూడా అమెరికా సైన్యంలోకి తీసుకున్నారు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని విషయం కాదు.

సమస్య ఎంత పెద్దది?

అమెరికా మాజీ సైనికుల సంక్షేమ శాఖను అక్కడ అందరూ వీఏ అంటారు. ఆ శాఖ లెక్కల ప్రకారం 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు సగటున 17 మందికి పైగా. వాటిలో 73 శాతానికి పైగా మరణాలు తుపాకీ వల్లే. అక్కడి సాధారణ జనంలో ఈ వాటా సగం కంటే కొంచెమే ఎక్కువ.

ఈ తేడాకు కారణం ఉంది. సైన్యంలో పనిచేసిన మనిషికి తుపాకీ కొత్త కాదు, భయం లేదు, వాడటం తెలుసు. అక్కడి చట్టం ప్రకారం ఇంట్లో పెట్టుకోవడమూ సులువే. చాలామంది ఆత్మరక్షణ కోసమని మంచం పక్కనే పెట్టుకుంటారు. యుద్ధం నుంచి వచ్చాక రాత్రిళ్లు నిద్ర పట్టనివాళ్లకు అది దగ్గరుంటేనే ధైర్యం.

ఇక కష్టాలు ఎలాగూ ఉంటాయి. పాత గాయాల నొప్పి, తలకు తగిలిన దెబ్బలు, యుద్ధం తాలూకు పీడకలలు, ఉద్యోగం దొరకకపోవడం, విడాకులు, ఒంటరితనం. యూనిఫాం తీసేశాక మొదటి ఏడాది మరీ కష్టమని నిపుణులు చెబుతారు. నిన్నటి దాకా పక్కనే ఉన్న దోస్తులు ఉండరు, పొద్దున లేస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లు ఉండరు.

చనిపోయినవారిలో సగానికి పైగా చివరి ఏడాదిలో వీఏ ఆసుపత్రుల వైపు వెళ్లనివాళ్లే. అంటే డాక్టర్ కంటే ముందు గమనించే అవకాశం ఇంట్లోవాళ్లకే ఉంది.

తాళం వేస్తే ఆగుతుందా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు, తాళం ఏం చేస్తుంది? వినడానికి నిజంలా ఉంటుంది కానీ పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి.

మొదటి విషయం, ఆ ఘడియ చాలా చిన్నది. ప్రాణాంతకమైన ప్రయత్నం చేసి బతికిన యువతీయువకులతో హ్యూస్టన్‌లో మాట్లాడి చేసిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. నిర్ణయం తీసుకున్నాక ఎంతసేపట్లో ఆ పని చేశారని అడిగితే, దాదాపు నాలుగో వంతు మంది అయిదు నిమిషాల లోపే అన్నారు. పదిమందిలో ఏడుగురికి గంట కూడా పట్టలేదు. బాధ నెలల తరబడి ఉండవచ్చు, కానీ చేయి ముందుకు వెళ్లే క్షణం మాత్రం తుఫానులా వచ్చి పోతుంది.

రెండో విషయం, ఆ క్షణం దాటినవాళ్లు ఎక్కువగా బతుకుతారు. ఒకసారి ప్రయత్నించి బతికి బయటపడ్డవారిలో పదికి తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. అంటే ఆ క్షణంలో కావాల్సింది ఒక అడ్డు, కాస్త సమయం. ఆలోచన మార్చుకోవడానికైనా, ఎవరైనా తలుపు తట్టడానికైనా, ఫోన్ మోగడానికైనా. తుపాకీ ఆ సమయం ఇవ్వదు. తాళం ఇస్తుంది.

మూడో విషయం, దేశాల అనుభవం. స్విట్జర్లాండ్‌లో సైనికులు ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే పద్ధతి ఉంది. 2003లో అక్కడ సైన్యం పరిమాణాన్ని సగానికి తగ్గించారు. దాంతో ఎన్నో ఇళ్లలో తుపాకులు లేకుండా పోయాయి. సైనిక వయసులో ఉన్న మగవాళ్ల ఆత్మహత్యలు తగ్గాయి, తగ్గిన వాటిలో ఎక్కువ భాగం వేరే దారికి మళ్లలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ శ్రీలంక. అక్కడ సమస్య పురుగుమందులది. 1995 నుంచి అత్యంత విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పురుగుమందు డబ్బాను తాళం పెట్టెలో పెట్టమని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. వస్తువు వేరు, సూత్రం ఒకటే.

సేఫ్‌గా పెట్టడం అంటే ఏమిటి?

ఇందులో మెట్లు ఉన్నాయి. పరిస్థితిని బట్టి ఎంత పైమెట్టు ఎక్కితే అంత మంచిది.

మొదటి మెట్టు: తుపాకీలో తూటాలు తీసేసి, తాళం వేసి పెట్టడం. కేబుల్ లాక్ అనే చిన్న తాళం ఉంటుంది. అది వేసి ఉంటే తుపాకీలో తూటా వేసి పేల్చడం కుదరదు. మాజీ సైనికులకు వీఏ ఈ తాళాలను ఉచితంగా ఇస్తుంది. అడిగితే చాలు.

రెండో మెట్టు: తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ వేర్వేరు తాళాలు. తుపాకీ కోసం ఇనుప సేఫ్ ఉంటే ఇంకా మంచిది.

మూడో మెట్టు: తాళం చెవి లేదా నంబరు వేరేవాళ్ల దగ్గర ఉండటం. బ్యాంకు లాకర్ గుర్తుకు తెచ్చుకోండి. ఖాతాదారుడి దగ్గర ఒక చెవి, బ్యాంకు దగ్గర ఒక చెవి. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. లాకర్లో నగలు మనవే, హక్కు మనదే. కానీ ఒక్కరే వెళ్లి తీయలేరు. మనసు బాగాలేని రోజుల్లో తుపాకీ విషయంలోనూ ఈ ఏర్పాటు కావాలి. నంబరు తెలిసినవాడికే ప్రమాదం ఉన్నప్పుడు, ఎంత ఖరీదైన సేఫ్ కొన్నా ఉపయోగం లేదు.

నాలుగో మెట్టు: కొన్నాళ్లు తుపాకీని ఇంటి బయట పెట్టడం. ప్రమాదం ఎక్కువగా ఉందనిపిస్తే ఇదే సరైన దారి. నమ్మకమైన స్నేహితుడి దగ్గర, తుపాకుల దుకాణంలో, కొన్నిచోట్ల పోలీసుల దగ్గర ఉంచవచ్చు. ఇలా తాత్కాలికంగా తీసుకునే చోట్లను చూపే మ్యాప్‌ను కొలరాడో రాష్ట్రంలో 2019లో తయారు చేశారు.

ఈ పనిలో తుపాకుల దుకాణదారులే ముందుకు రావడం విశేషం. న్యూహాంప్‌షైర్‌లో 2009లో వారం తిరగకుండానే ముగ్గురు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు, ఒకే దుకాణంలో తుపాకీ కొని ప్రాణాలు తీసుకున్నారు. ఆ దెబ్బతో దుకాణదారులు, ప్రజారోగ్య నిపుణులు ఒకచోట కూర్చున్నారు. కష్టంలో ఉన్న కస్టమర్‌ను ఎలా గుర్తించాలి, ఎలా ఆపాలి అని దుకాణాలకు నేర్పే పని మొదలుపెట్టారు. తర్వాత ఇంకా ఎన్నో రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి.

వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్త

మన కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. అన్నయ్య అమెరికా పౌరుడు, సైన్యంలో చేసి వచ్చాడు. తమ్ముడు హెచ్-1బీ మీదో, చదువు వీసా మీదో ఉన్నాడు. అన్నయ్య పరిస్థితి చూసి తమ్ముడు "నాకివ్వు, నా దగ్గర పెడతా" అంటే ప్రేమతో అన్న మాటే. కానీ ఇలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. మినహాయింపులు కొన్నే. మంచికి పోయి కేసులో ఇరుక్కోవద్దు. గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉండి, చట్టం అడ్డుచెప్పని వ్యక్తిని చూడాలి. లేదంటే దుకాణమో పోలీసులో.

పౌరుల మధ్య కూడా తుపాకీ చేతులు మారడంపై ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. కొన్నిచోట్ల తాత్కాలికంగా ఇవ్వడానికి కూడా తనిఖీ కావాలి, కొన్నిచోట్ల ఆత్మహత్య ప్రమాదం ఉంటే మినహాయింపు ఉంది. ముందే దగ్గర్లోని దుకాణంలో కనుక్కోవడం మంచిది. ప్రమాదం స్పష్టంగా ఉండి మనిషి ఒప్పుకోకపోతే, కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తుపాకీని తీసి ఉంచే చట్టాలు 20కి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. అది చివరి దారి. ముందు మాటలతో ప్రయత్నించాలి.

ఆ మాట ఎలా ఎత్తాలి?

అసలు కష్టం ఇక్కడే. మన ఇళ్లలో ఈ విషయం ఎత్తడానికే సిగ్గు, భయం. "హరామ్ కదా, మనవాడు అలాంటి పని చేయడు" అనుకుని ఊరుకుంటాం. హరామ్ అని ఆ మనిషికీ తెలుసు. అందుకే తనలో వచ్చే ఆలోచనను ఎవరికీ చెప్పుకోలేక లోపలే దాచుకుంటాడు. మన మౌనం ఆ బరువును ఇంకా పెంచుతుంది.

అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదు. సూటిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని, చాలామందికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుందని మానసిక వైద్యులు చెబుతారు.

నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, తాగుడు మొదలవడం లేదా పెరగడం, చిన్నదానికే మండిపడటం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు నిమ్మళం" లాంటి మాటలు.. ఇవి కనిపిస్తే ఆగకండి.

తుపాకీ లాక్కుంటామని మొదలుపెడితే సైనికుడు వినడు. అది అతని హక్కు, అతని అభిమానం. "భాయీజాన్, ఈ మధ్య మీకు నిద్ర ఉండటం లేదు. నాకు భయంగా ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా? కొన్నాళ్లు ఆ తుపాకీ నా దగ్గర అమానత్‌గా ఉంచండి. మీరు కుదుటపడగానే మీ చేతికే ఇస్తా." ఈ తీరులో అడగవచ్చు. అమానత్ అంటే వస్తువు నాది కాదు, మీదే, నేను కాపలా మాత్రమే. ఆ ఒక్క మాటతో పరువూ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఉన్నప్పుడు పక్కనే ఉన్న పాత సైనిక మిత్రుడు ఎవరైనా అడిగితే ఇంకా సులువుగా ఒప్పుకుంటారు.

తాళం వేయగానే పని అయిపోదు. తాళం సమయం కొంటుంది. ఆ సమయంలో డాక్టర్‌ను కలవాలి, మందులు మొదలవ్వాలి, ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి. ఆత్మహత్య ప్రమాదంలో ఉన్న మాజీ సైనికులు వీఏలో పేరు నమోదు చేసుకోకపోయినా, చాలావరకు ఉచితంగా అత్యవసర చికిత్స పొందే అవకాశం 2023 జనవరి నుంచి ఉంది. వీఏ ఆసుపత్రే కానక్కర్లేదు, బయటి ఆసుపత్రిలోనూ కుదురుతుంది.

ఇక్కడ కూడా వర్తిస్తుంది

మన దగ్గర సైన్యం నుంచి రిటైరై, లైసెన్సు తుపాకీతో బ్యాంకుల దగ్గర, ఏటీఎం క్యాష్ వ్యాన్ల మీద గన్‌మన్‌గా పనిచేసేవాళ్లు ఎందరో. డ్యూటీ అయ్యాక ఆ తుపాకీ ఇంటికే వస్తుంది. బీరువాలో బట్టల కింద పెట్టడం తాళం వేయడం కాదు. తూటాలు వేరుగా, తాళం వేసి, చెవి ఇంకొకరి దగ్గర. మనసు బాగాలేనప్పుడు డిపాజిట్ చేయడానికి ఎన్నికల దాకా ఆగక్కర్లేదు. పోలీస్ స్టేషన్‌నో, లైసెన్సున్న డీలర్‌నో అడగవచ్చు.

కేసు అవుతుందని భయపడి దాచవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్షించడం కాదు, వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత.

సాయం కోసం: భారత్‌లో టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో 988కి ఫోన్ చేయాలి. మాజీ సైనికులు, వారి ఇంట్లోవాళ్లు 988 కొట్టి 1 నొక్కాలి, లేదా 838255కి మెసేజ్ పంపాలి. ఇంట్లోవాళ్లు ఏం చేయాలో తోచకపోయినా ఈ నంబర్లకు ఫోన్ చేసి అడగవచ్చు.