పాత పెట్రోల్ పంపుసెట్టుకు స్పార్క్ రావడం లేదా? కాయిల్ కొనే ముందు ఇవి చూడండి

భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో గోదావరి, తాలిపేరు, కిన్నెరసాని ఒడ్డున కరెంటు లైను అందని చేలకు పెట్రోల్, కిరోసిన్‌తో నడిచే చిన్న ఇంజనే ఆధారం. మిరప పూత, పిందె మీద ఉన్నప్పుడు ఇంజన్ మొరాయిస్తే తడి ఆలస్యమై పూత రాలిపోతుంది. చాలాసార్లు లోపం చిన్నదే ఉంటుంది. వరుస తప్పకుండా చూసుకుంటే కొత్త కాయిల్ ఖర్చు, పట్నం తిరిగే రోజు రెండూ మిగులుతాయి. పవర్ స్ప్రేయర్లకు, పడవల ఔట్‌బోర్డ్ మోటార్లకు కూడా పద్ధతి ఇంచుమించు ఇదే. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్ ఉండదు కాబట్టి దానికి ఇది వర్తించదు.

ముందు ప్లగ్

తాడు నాలుగైదుసార్లు లాగి ప్లగ్ విప్పి చూడాలి. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదని అర్థం. అప్పుడు కార్బ్యురేటర్, ఫిల్టర్ చూసుకోవాలి. పెట్రోల్‌తో తడిసి ఉంటే స్పార్క్ మీద అనుమానపడాలి. మసిని వైరు బ్రష్‌తో తుడిచి, సందు 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండేలా సరిచేయాలి. మీ ఇంజన్ పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించాలి.

తర్వాత ప్లగ్‌కు క్యాప్ తొడిగి, దాని లోహపు భాగాన్ని ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగాలి. నీలంగా, గట్టిగా స్పార్క్ వస్తే మంచిది. పసుపుగా, సన్నగా వస్తే బలహీనం. ఒలికిన పెట్రోల్ ముందే తుడిచేయాలి. ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, లేదంటే ఆవిరి అంటుకుంటుంది. క్యాప్‌ను ఉత్త చేత్తో పట్టుకుంటే షాక్ కొడుతుంది.

స్పార్క్ అసలే రాకపోతే

ముందుగా స్టాప్ స్విచ్ వైరు చూడాలి. ఈ వైరు బాడీకి తగిలితేనే ఇంజన్ ఆగుతుంది. ఎలుక కొరికినా, తొడుగు అరిగినా అది ఎప్పుడూ బాడీకి తగులుతూ ఉండి స్పార్క్‌ను ఆపేస్తుంది. ఆ వైరును కాయిల్ దగ్గర విడదీసి మళ్లీ పరీక్షించాలి. స్పార్క్ వస్తే కాయిల్ బాగున్నట్లే. వైరు మార్చి తిరిగి కలపాలి, లేకపోతే ఇంజన్‌ను ఆపలేరు. కొన్ని ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లలో ఆయిల్ తగ్గినా స్పార్క్ ఆగుతుంది. ఆయిల్ మట్టం కూడా చూడాలి.

ప్లాటినం పాయింట్లు, కండెన్సర్

పాత ఇంజన్లలో ఇవి ఫ్లైవీల్ కింద ఉంటాయి. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే తీయాలి. సుత్తితో కొడితే షాఫ్ట్ దెబ్బతింటుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది. పాయింట్లను సన్నని ఎమిరీ కాగితంతో రుద్ది, పొడి కాగితంతో తుడవాలి. నూనె అంటకూడదు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు చాలా ఇంజన్లలో 0.3 నుంచి 0.4 మి.మీ. ఉంటుంది. ఫీలర్ గేజ్‌తో కొలవాలి. పాయింట్లు మాటిమాటికీ మాడుతుంటే కండెన్సర్ మార్చాలి.

ఫ్లైవీల్ కీ సగం తెగినా టైమింగ్ తప్పి తాడు వెనక్కి గుంజుతుంది. దాని స్థానంలో మేకు ముక్క పెట్టకూడదు. చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే ఇంజన్‌లో కాయిల్ లేదా కండెన్సర్ పోయి ఉండవచ్చు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాటిలో పాయింట్లు ఉండవు. వాటిలో ప్లగ్, వైర్లు, ఫ్లైవీల్ కీ బాగుండి కూడా స్పార్క్ రాకపోతే కాయిల్, యూనిట్‌లను మెకానిక్‌కు చూపించాలి.

బ్యాటరీ ఛార్జ్ కాకపోతే

సెల్ఫ్ స్టార్ట్ లేదా లైటు ఉన్న ఇంజన్లలో ముందు ఫ్యూజ్, బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. మీటర్ పెడితే పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 చూపుతుంది. రెగ్యులేటర్ ఉన్న ఇంజన్ నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 దాకా పెరగాలి. పెరగకపోతే ఛార్జింగ్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ వోల్టేజీ చూడాలి. అది వస్తుంటే లోపం రెక్టిఫయర్‌లో ఉంటుంది. రాకపోతే లోపం కాయిల్‌లోనో, దాని వైర్లలోనో ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయకూడదు. ప్లస్, మైనస్ తారుమారైతే రెక్టిఫయర్ కాలిపోతుంది.

వరదలో మునిగితే

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఒడ్డున ఉన్న ఇంజన్‌ను ఆ లోపే మెరకకు చేర్చాలి. మునిగిన ఇంజన్‌ను వెంటనే స్టార్ట్ చేయకూడదు. ప్లగ్ తీసి లోపలి నీరు వంపాలి. ఆయిల్, పెట్రోల్ మార్చాలి. ఒండ్రును మంచినీటితో కడగాలి. కాయిల్, పాయింట్లు పూర్తిగా ఆరాకే బిగించాలి.

కిరోసిన్‌తో నడిచే ఇంజన్‌ను ఆపే ముందు కొద్దిసేపు పెట్రోల్‌కు మార్చి నడపాలి. అలా చేస్తే ప్లగ్‌కు మసి తక్కువ పడుతుంది, మర్నాడు తేలిగ్గా స్టార్ట్ అవుతుంది. ఒక కొత్త ప్లగ్, ప్లగ్ పానా ఎప్పుడూ చేను దగ్గర ఉంచుకోవాలి.