ఇతివృత్తము – శైలి : పెన్న యొడ్డున నొక విచారము

అనంతపురమునుండి గుత్తికి పోవు దారిలో పెన్న యొడ్డున పామిడి యున్నది. ఏటిలో నీటికంటె ఇసుకయే కనబడు దినములచట ఎక్కువ. ఈ యేటిని గూర్చియు, దీని గట్టున ఎండిన బ్రదుకులను గూర్చియు విద్వాన్ విశ్వము రచించిన 'పెన్నేటి పాట' 1956లో గ్రంథరూపమున వెలువడినది. అందలి కథ యేమని విద్యార్థి నడిగినచో ఒక్క వాక్యమున ముగించును: రంగడు, గంగమ్మ యను దంపతులు కఱవుసీమలో కూటికై పడిన పాట్లు. ఆ వాక్యము అబద్ధము కాదు. కాని కావ్యము అందు లేదు. అట్లయిన సాహిత్యమున ఇతివృత్తము అప్రధానమా? శైలియే సర్వమా?

ఈ వివాదము క్రొత్తది కాదు. విషాదాంత నాటకమునకు ఇతివృత్తమే ప్రాణమనియు, పదరచన దాని తరువాతి దనియు అరిస్టాటిల్ మతము. మన వామనుడు రీతినే కావ్యాత్మగా నెంచెను. ఆనందవర్ధనుడు ఈ రెంటికిని లోబడక, జరిగిన కథను జెప్పుటయే కవి పని కాదనియు, రసమునకు అనుకూలముగా కథను మార్చుకొను స్వాతంత్ర్యము కవికి గలదనియు నిర్ణయించెను. మన భాషలోని ఉదాహరణములతో ఈ మతములను పరీక్షింతము.

ప్రవరుని కథను తిక్కన శిష్యుడైన మారన మార్కండేయ పురాణమున తెలుగు చేసెను. రెండు శతాబ్దుల తరువాత అల్లసాని పెద్దన ఆ కథనే గ్రహించి ఆఱాశ్వాసముల మనుచరిత్రముగా పెంచెను. పాదలేపము, హిమవత్పర్వతము, వరూధిని, మాయాప్రవరుడు – కథ యొక్క ఎముకలు రెండింటను ఒక్కటియే. అయినను లోకము వరూధినిని పెద్దన మాటలలోనే తలచుకొనుచున్నది. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటవారు రామాయణము నాడునపుడు చూచువారికి కథ ముందే తెలిసియుండును. వారు కోరునది తరువాత నేమి జరిగెనను వార్త కాదు. ఇంతవరకు శైలిపక్షమే గెలిచినట్లు తోచును.

కాని పింగళి సూరన కళాపూర్ణోదయము అడ్డు నిలుచును. ఈ కథ పురాణమునుండి తెచ్చినది కాదు, కవి కల్పితము. ముందు జరిగినది వెనుకను, వెనుక జరిగినది ముందును తెలియునట్లు కవి దానిని కూర్చెను. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వవిచారము'న ఈ కథాకల్పనాశక్తినే ప్రధానముగా మెచ్చెను. అయితే ఈ కథను కాలక్రమమున సరిదిద్ది చెప్పిచూడుడు: ఆశ్చర్యము మాయమగును. అనగా కథ వేఱు, కథాసంవిధానము వేఱు. దేనిని ఎప్పుడు చెప్పవలయును, దేనిని దాచవలయును అను నిర్ణయము, ఏ పదమును ఎచట నుంచవలయునను నిర్ణయమునకు దూరపుది కాదు. ఇతివృత్తమని మనము మెచ్చునది సగము శైలియే.

ఇక శైలి తానొంటిగా నిలువగలదా? ప్రబంధయుగాంతమున అనుకర్తల చేత వర్ణనలు పెరిగెను. వర్ణింపవలసిన అవసరము తఱిగెను. యమకములు మిగిలినవి, మనుష్యులు మిగులలేదు. పాఠకులు వానిని విడిచిరి. చెప్పవలసినది లేనిచోట చెప్పు తీరు ఎంత నేర్పుగలదైనను అలంకారముల పట్టికయే యగును.

కావున మా నిర్ణయ మిది: ఈ రెంటిలో ఏది గొప్పయను ప్రశ్నకంటె, ఏది దేనిని శాసించినదను ప్రశ్న ఉపయుక్తము. 'పెన్నేటి పాట'లో కఱవే భాషను శాసించినది. సీమ పలుకుబడియు, పాటల నడకలును అందు చేరినది సొగసునకు గాదు. ఆ బాధ మఱియొక భాషలో ఇమడకపోవుటచేతనే. కథ స్వల్పమైనను వస్తువు స్వల్పము కాదు. ఇతివృత్తము, వస్తువు ఒక్కటి యనుకొనుటయే మన తరగతులలోని పొరపాటు.

ఈ పొరపాటువలన నష్టము కలదు. పరీక్షలకై కథాసంగ్రహము వ్రాసి వ్రాసి విద్యార్థి కావ్యము చదువకయే ఉత్తీర్ణుడగుచున్నాడు. సంగ్రహము అడుగవలదని మా యభిప్రాయము కాదు. సంగ్రహము వ్రాసినపిదప, అందు మిగులనిది ఏమని మఱియొక ప్రశ్న అడుగవలయును. పామిడి విద్యార్థికి ఆ యుత్తరము సులభముగనే దొరకును: పెన్న యెండినదని ఎవరైన చెప్పగలరు, ఆ యిసుకలో నడచిన కాలికి తెలిసినది మాత్రము సంగ్రహమున ఇమడదు.