పాతిపెట్టిన తలాంతు

జగ్గయ్యపేట, నందిగామలలో చదువు కోసమో, ఉద్యోగం కోసమో హైదరాబాదు బస్సెక్కే యువతను చూస్తూనే ఉంటాం. మిరప, పత్తి పండించే తల్లిదండ్రులు అప్పుచేసి పంపుతారు. ఓడిపోతే ఇంటిల్లిపాది త్యాగం వృథాయేనా అన్న భయం ఒకవైపు. ప్రయత్నించకుంటే జీవితాంతం కుమిలిపోతామేమో అన్న గుబులు మరోవైపు.

యేసుప్రభువు రెండు వైపులా మాట్లాడారు. గోపురం కట్టదలచినవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలన్నారు (లూకా 14:28). తలాంతుల ఉపమానంలో (మత్తయి 25) ఒకడు భయపడి తన తలాంతును భూమిలో పాతిపెట్టాడు. దాన్ని పోగొట్టలేదు, భద్రంగా తిరిగిచ్చాడు. అయినా యజమాని మందలించాడు.

నందిగామ ప్రాంతంలోని రాఘవాపురం దళితవాడకు చెందిన పగోలు వెంకయ్యను తలచుకుందాం. అంటరానితనం రాజ్యమేలిన రోజులవి. విగ్రహారాధన విడిచి, నిజదేవుని వెదుకుతూ ఆయన బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలిశారు. 1859లో బాప్తిస్మం పొందారు. తరువాత ఎందరో ఆ బాటన నడిచారు. ఊళ్లోనే ఉండిపోతే ఆయనకు కష్టం తప్పేదేమో, ఈ సాక్ష్యం మాత్రం మనకు మిగిలేది కాదు.

అయితే మన ప్రతి ఆశా దేవుని పిలుపు కాదు. లోకమంతా సంపాదించినా ఆత్మను పోగొట్టుకుంటే లాభమేముంది (మార్కు 8:36)? మన కలకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో అడుగుదాం. అమ్మ నగలా, చెల్లి చదువా, ఆదివారపు ఆరాధనా? నిజాయితీగా లెక్క చూసుకున్నాక కూడా భారం తొలగకపోతే, ప్రార్థించి అడుగు వేద్దాం. అయిదు తలాంతులు సంపాదించినవాడికీ, రెండు సంపాదించినవాడికీ యజమాని ఇచ్చిన మెప్పు ఒక్కటే.