అమ్మ చీర... అమ్మాయి కత్తెర

బీరువా అడుగున మడతల దగ్గర చిరుగుతున్న పెళ్లినాటి పట్టుచీర మీకూ ఒకటి ఉండే ఉంటుంది. కట్టలేరు, పారెయ్యలేరు. కాలేజీకెళ్లే మీ అమ్మాయి కత్తెర పట్టుకొచ్చి, “అమ్మా, ఇది నాకివ్వవా? జాకెట్టు కుట్టుకుంటా” అంటే ఏం చేస్తారు? “ఏం పిచ్చి వేషాలే!” అని కసురుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి.

జపాన్‌లోని టోక్యోలో హరాజుకు అనే పేట ఉంది. 1990లలో ఆదివారాలు అక్కడ రోడ్డుమీద వాహనాలు ఆపేసేవారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలంతా అక్కడ చేరేవారు. వాళ్ల సంప్రదాయ దుస్తులైన కిమోనోలను, పాతబట్టల అంగళ్లో కొన్నవాటినీ, సొంతంగా కుట్టుకున్నవాటినీ కలిపి తొడుక్కునేవారు. షోఇచి అవోకి అనే ఫోటోగ్రాఫర్ వాళ్ల ఫోటోలతో 1997లో ‘ఫ్రూట్స్’ అనే పత్రికే మొదలుపెట్టారు. 1998లో ఆ ఆదివారాల ఏర్పాటు పోయింది, 2017లో పత్రిక అచ్చు ఆగింది. ఆ ఫోటోలు మాత్రం ప్రపంచమంతా తిరిగాయి.

ఆ వేషాలు మనకెందుకంటారా? వేషం వద్దు, ఆ చొరవ చాలు. నిజానికి అది మనకీ కొత్త కాదు. మన అనంతపురం జిల్లా తండాల్లో సుగాలి స్త్రీలు గుడ్డముక్కలకి అద్దాలు, గవ్వలు కుట్టి ఎంత అందం తెచ్చారో చూడలేదూ? పాతచీరలతో మన అవ్వలు కుట్టిన బొంతలో ఉన్నదీ ఆ నేర్పే!

యాడికిలాంటి చోట వాన మొహం చాటేస్తే శెనక్కాయ పంట పోతుంది. పండక్కి కొత్తబట్టలు ఉండవు. ఆడపిల్ల పైకేమీ అనదు గానీ, స్నేహితురాళ్ల మధ్య చిన్నబోతుంది. తన చేత్తో కుట్టుకున్నది వేసుకుంటే “ఎక్కడ కొన్నావే?” అని వాళ్లే అడుగుతారు! మగ్గాలున్న ఊరివాళ్లం, చీర వెనక కష్టం ఎరుగుదుం. దాన్ని పెట్టెలో చివికిపోనివ్వడం కంటే ఇది మేలు కదా?

కత్తిరించే ముందు చీరని వెలుతురుకి ఎత్తి చూడండి. మడతల దగ్గర పలచబడ్డ భాగం వదిలెయ్యండి. అంచు, కొంగు గట్టిగా ఉంటే చేతులకి, మెడకి పనికొస్తాయి. లోపల వేసే నూలుగుడ్డని ముందే తడిపి ఆరెయ్యండి, తర్వాత కుదించుకుపోదు. ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగి చూశాకే మిషన్ మీద కుట్టించండి.

మొదటిసారి వంకరపోతే నవ్వకండి. మన మొదటి దోసె గుండ్రంగా వచ్చిందా ఏమిటి? ఈసారి కత్తెర మీరే అందించండి!