క్రొత్త గచ్చుకు ముందు నేల చెమ్మను పరీక్షింపుడు

పంచాయతీ కార్యాలయములలోను, అంగన్‌వాడీ భవనములలోను పరచిన క్రొత్త బండలు ఏడాది తిరుగక మునుపే కదలి, సందులలో తెల్లని ఉప్పు పేరుకొనుట కలదు. దోషము తరచు బండలది కాదు, క్రింది చెమ్మది. నేలలోని నీరు, వత్తి వెంట నూనె ప్రాకినట్లు, మట్టిలోని సన్నని రంధ్రముల గుండ పైకి ప్రాకును. నల్లరేగడి నేలలలో తడి చాలకాలము నిలుచును.

పరీక్ష సులభము. పాత గచ్చుపై మూరెడు చదరపు పాలిథీన్ పట్టా పరచి, అంచులు అంటించి, ఒక దినము ఉంచవలెను. పట్టా అడుగున నీటిబొట్లు పట్టినను, గచ్చు నల్లబడినను చెమ్మ క్రిందినుండి వచ్చుచున్నదని గ్రహింపవలెను. వేసవిలో పొడిగా కన్పించినను వానల తరువాత మరల చూడవలెను.

మొదట గోడ ప్రక్క నిలిచిన మురుగును మళ్లించి, కారుచున్న గొట్టములను బాగుచేయవలెను. చెమ్మ అప్పటికిని ఆగనిచో పాత గచ్చు త్రవ్వి, మట్టిని దిమ్మిసతో కొట్టి, కంకర, ఇసుక, మందపు పాలిథీన్ పట్టా, కాంక్రీటు వరుసగా వేయవలెను. కాంక్రీటు 28 దినములలో గట్టిపడినను, పూర్తిగా ఆరుటకు మరికొంత వ్యవధి ఈయవలెను.

అంచనాలో కంకర పొర, పట్టా చేర్చిరో లేదో తీర్మానమునకు ముందే సభ్యులు చూడవలెను. వానిని పరచునపుడును దగ్గరనుండి చూడవలెను. బండలు పరచిన పిదప అవి కంటికి కన్పింపవు. వాని లోపము మాత్రము పంచాయతీ నిధిపై పడును.